కాయని చెట్టుకు బెదిరింపు

“ఈ పొద్దు దీన్ని నరికి పారేస్తా!”

భుజాన తాడు చుట్ట, చేతిలో గొడ్డలితో మామిడిచెట్టు కింద నిలబడి అరిచాడు లేవి. పెళ్లాం విశ్వాసమ్మ చేను గట్టు మీద పరిగెత్తుకుంటూ రావడం చూశాకే ఆ అరుపు. 

పేరు లేవి. పేరుకు తగ్గట్టే ఉండాల్సినవి ఏవీ లేవు. బోర్లో నీళ్లు లేవు, ఇంట్లో గింజలు లేవు. తోటంతా ఎండిపోగా మిగిలింది ఈ ఒక్క చెట్టు. అదీ పూతప్పుడు కోతలు కోసి, కోతప్పుడు చేతులెత్తేసింది.

కాయని చెట్టును ఒకరు గొడ్డలెత్తి బెదిరించాలి, ఇంకొకరు అడ్డంపడి బతిమాలాలి. ఆ భయానికి మరుసటేడు కాస్తుందని బనగానపల్లె పక్క నమ్మకం. విశ్వాసమ్మ రొప్పుతూనే తన వంతు అందుకుంది. చెట్టును వాటేసుకుంది.

“వద్దయ్యా, నరకొద్దు! వచ్చేడు కాస్తాది. పూచీ నాది!”

“పూచీ కాయల్యా గదమ్మే, ఇంగ నీ పూచీ ఎవురిక్కావాల? నాటకం కాదు, నిజంగానే కొడ్తాండా. కట్టె అమ్మేసి బేతంచెర్లకు పోయి బండలు మోసుకుంటా.”

“ఆ తాడెందుకు?”

“కొమ్మ పక్కోళ్ల చేన్లో పడకుండా లాగనీకి.”

“ఒగనివే కొడ్తావు, ఒగనివే లాగుతావా?”

లేవి ముఖం చెట్టు వైపు తిప్పుకున్నాడు. విశ్వాసమ్మ గొడ్డలి అంచున బొటనవేలు పెట్టి రుద్దింది. తుప్పు అంటింది గానీ చర్మం గీసుకోలేదు. ఆమె మెల్లగా చెట్టు మొదట్లో కూర్చుంది.

“కూసో. కత చెప్తా.”

“కతలకు కడుపు నిండుతాదా?”

“మా తాత గూడా కరువులో ఇట్లే గొడ్డలీ తాడూ ఎత్తుకోని చింతచెట్టు కాడికి పోయినాడంట. మా అవ్వ అడ్డంపడి, ‘ఒక్కేడు సూడయ్యా’ అనిందంట.”

“మరుసటేడు ఇరగ్గాసింటాది. మీ కతలన్నీ అంతే గదా!”

“యాడ కాసింది? ఒక్క కాయ గూడా కాయల్యా.”

లేవి అప్పుడు తిరిగాడు ఆమె వైపు. “మరి ఇదేం కతమ్మే?”

“ఆ ఏడంతా మా తాత పొద్దున లేస్తానే పోయి, పూత పట్టిందేమోనని సూసొచ్చేవాడంట. చెట్టు కాయల్యా. మా తాత బతికినాడు. ఆ పైయేడు మాయమ్మ పుట్టింది.”

లేవి చేతిలో గొడ్డలి జారి కింద పడింది. విశ్వాసమ్మ దాన్ని తీసి, దుమ్ము దులిపి, మళ్లీ అతని చేతికే ఇచ్చింది.

“గొడ్డలి నీకాడే పెట్టుకో. ఆ తాడు ఇట్లియ్యి.”