సూర్యకళ కొన్న పెడల్

“మడమతో నొక్కితే శబ్దం పూర్తిగా ఆగిపోతుందా అండి?” అడిగింది సూర్యకళ.

దుర్గాసాయి గారు కళ్ళజోడు సర్దుకున్నారు. రాజమండ్రిలో ఇన్నేళ్ళుగా వాయిద్యాల కొట్టు నడుపుతున్నా, వాల్యూమ్ పెడల్ కొనడానికి వచ్చి ఆ మాట అడిగినవాళ్ళు ఎవరూ లేరు. కౌంటర్ మీద ఉన్న రెండు పెడల్స్‌లో నల్లగా మెరుస్తున్నదాన్ని ఆమె ముందుకు జరిపారు.

“ఇది ఫారిన్‌ది. ఎంత తగ్గించినా కాస్త నాదం మిగిలేట్టు దీనికో మర ఉంది. స్టీల్ గిటార్‌కి అదే కదమ్మా అందం! మీ నాన్న బుల్లబ్బాయి గారు పెడల్ని ఎప్పుడూ సగం దాకానే తొక్కి ఉంచేవారు. తీగ మోత సన్నబడేకొద్దీ కాలితో మెల్లగా పెంచుతుంటే, ఎవరో కూర్చుని పాడుతున్నట్టే ఉండేది.”

“నాకు మొత్తం మూసుకుపోయేదే కావాలండి.”

“అయితే ఈ రెండోది తీసుకో. కాకపోతే బిగుతు. ఎక్కడ వదిలితే అక్కడే నిలబడిపోతుంది.”

“కాలు తీసేసినా?”

“తీసేసినా. అయినా వాయించేటప్పుడు దాని మీంచి కాలెందుకు తీస్తావమ్మా?”

సూర్యకళ పెడల్ని నేల మీద పెట్టి, చెప్పు విప్పి, పైకీ కిందికీ తొక్కి చూసింది. కిర్రుమనలేదు.

“వైరు మామూలుదేనా అండి?”

“మామూలు పిన్నే. ఏ వైరైనా దూరుతుంది. ఇంతకీ మీ నాన్నగారి పెడల్ ఏమైంది? పాడైందా?”

“బానే ఉందండి. నాకింకోటి కావాలి.”

తండ్రి వస్తువు అరిగిపోకుండా దాచుకుంటోంది కాబోలు అనుకున్నారు దుర్గాసాయి గారు. కొత్త పెడల్ని పేపర్లో చుట్టి ఇచ్చారు.

బుల్లబ్బాయి పోయేదాకా వెంకటరాజు ఆర్కెస్ట్రాలోనే వాయించాడు. బల్లలా కాళ్ళ మీద నిలబడే పెడల్ స్టీల్ గిటార్ అతనిది. ఎడమకాలు తీగల్ని బిగించే పెడల్స్ మీద, కుడికాలు వాల్యూమ్ మీద. మద్రాసులో ఓ స్టూడియోవాళ్ళు వదిలించుకుంటే తెచ్చుకుని, తనే నేర్చుకుని, కూతురికి నేర్పాడు. చుట్టుపక్కల అది వాయించగలిగినవాళ్ళు ఇంకెవరూ లేక వెంకటరాజు సూర్యకళను తీసుకున్నాడు. తీసుకుని, స్టేజీ మీద వైర్లు పరిచే పని కూడా ఆమెకే అంటగట్టాడు. ఆమె ఒక్కతే వాయించే ఘట్టం వచ్చిందంటే చాలు, మైకు అందుకుని కబుర్లు మొదలుపెట్టేవాడు.

“ఆడపిల్ల వాయిస్తే ముచ్చటగా ఉండాలి గానీ మోగకూడదు” అనేవాడు.

కోరుకొండ తీర్థంలో బుల్లబ్బాయి కట్టిన బాణీ వాయిస్తానని ఆమె బతిమాలి ఒప్పించుకుంది. మొదటి స్వరం పలికీ పలకగానే వెంకటరాజు ఉత్సవ కమిటీ సభ్యుల పేర్లు చదవడం మొదలుపెట్టాడు. బాణీ అయిపోయింది, పేర్లు అయిపోలేదు. తిరిగి వస్తుంటే బస్సులో తల్లి అన్నపూర్ణమ్మ అడిగింది, “నాన్న బాణీ ఎప్పుడు వాయిస్తావే? దానికోసమే ముందు వరసలో కూర్చున్నాను.”

సూర్యకళ కిటికీ వైపు తిరిగిపోయింది.

మర్నాడు రిహార్సల్‌లో అందరి ముందూ నిలబడి అనేసింది, “నేను వాయించేటప్పుడు మీరు మాట్లాడొద్దండి.”

వెంకటరాజు నవ్వాడు. “మైకు నాది, ఆర్కెస్ట్రా నాది. వినపడకపోతే మంచి పెడల్ ఒకటి కొనుక్కో. కష్టంగా ఉంటే మానేయ్.”

“మాననండి. పెడల్ కొనుక్కుంటాను” అంది.

తర్వాతి కార్యక్రమం నరసాపురంలో, లేసు అల్లే ఆడవాళ్ళ సంఘం వార్షికోత్సవం. మధ్యాహ్నమే వెళ్ళి సూర్యకళ వైర్లన్నీ పరిచింది. తండ్రి పెడల్ కుడికాలి దగ్గర, కొత్తది దాని పక్కనే పెట్టుకుంది.

“కొన్నావన్నమాట!” అన్నాడు వెంకటరాజు చూసి. “గట్టిదేనా?”

“బిగుతుగా ఉందండి.”

సాయంత్రం ఆమె వంతు వచ్చింది. అన్నపూర్ణమ్మ మళ్ళీ ముందు వరసలోనే ఉంది. వెంకటరాజు కాగితం తీసి మైకు దగ్గరికి నడిచాడు. సూర్యకళ అతని వైపు సూటిగా చూస్తూ కొత్త పెడల్ మీద పాదం మోపింది. తర్వాత తండ్రి బాణీ ఎత్తుకుంది.

వెంకటరాజు చదివిన పేర్లు ఎవరికీ వినపడలేదు. పందిరంతా ఆ బాణీయే. తీగ మీద సన్నగా జారిన స్వరం కూడా చివరి వరస దాకా వెళ్ళింది. లేసు సూదులు వొళ్ళో పెట్టుకుని ఆడవాళ్ళు మెడలు సాచి చూశారు. అన్నపూర్ణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆఖరి స్వరం ఆగాక చప్పట్లు పందిరి ఎగిరిపోయేలా మోగాయి.

సూర్యకళ కళ్ళు తుడుచుకోలేదు. కొత్త పెడల్ మీద మరోసారి కాలు వేసి తీసింది. మిగతా కార్యక్రమం ఎప్పటిలాగే సాగింది.

జనం వెళ్ళిపోగానే వెంకటరాజు ఊగిపోతూ వచ్చాడు.

“నా పరువు తీశావు! గిటార్ సౌండు అంత పెంచుతావా? గొంతు చించుకున్నా నా మాట ఒక్కటి వినపడలేదు.”

“గిటార్ సౌండు నేను పెంచలేదండి. ఎప్పుడూ ఉన్నంతే ఉంది.”

“మరి ఈ కొత్త పెడల్ దేనికి?”

“మీరే కొనుక్కోమన్నారుగా” అంది సూర్యకళ, తల దించకుండా.

వెంకటరాజు వంగి, ఆ పెడల్‌లోకి దూరిన వైరు పట్టుకుని విసురుగా లాగాడు.

అవతలి కొసన అతని మైకు ఊగింది.