భోజనాల బల్ల మీద సముద్రం

పాచిక మీద ఆరు పడింది.

“గాలి మారింది,” అంటూ మామగారు బల్ల మధ్యనున్న అట్టబాణాన్ని పక్కకి తిప్పాడు. “ఇప్పుడు నీ ఓడలకి ఎదురుగాలి అమ్మాయీ.”

కోడలు తన ఓడలవైపు ఓసారి చూసుకుంది.

భోజనాల బల్ల మీద పరిచిన నీలం దుప్పటే సముద్రం. దాని మీద చెరి ఆరు తెరచాప ఓడలు, ఒక్కొక్కటి చూపుడువేలంత. అన్నీ మామగారు స్వయంగా చేసినవే. ముప్ఫై ఏళ్ళు పళ్ళసెట్లు కట్టిన మనిషి, చిగుళ్ళకి వాడే ముద్దతోనే ఓడలు కూడా పోశాడు. పైరంగు లేచిన చోటల్లా గులాబీరంగు బయటపడుతుంది. యుద్ధనౌకలకి చిగుళ్ళేమిటని ఇంట్లోవాళ్ళు పడీపడీ నవ్వేవారు. ఇవాళ ఎవరికీ నవ్వు రావడం లేదు.

రేపు పొద్దున్నే ఆయన గుండెకి ఆపరేషన్. వాల్వు పాడైపోయిందనీ, ఇంకో నెల ఆగితే తానేం చెయ్యలేననీ డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. ఆపరేషన్‌కి ఒప్పుకుంటూ ఆయన సంతకం పెట్టిన కాగితం ఇవాళ సాయంత్రం ఐదింటికల్లా ఆసుపత్రిలో ఇవ్వాలి. లేకపోతే ఆయన కోసం ఉంచిన మంచం ఇంకొకరికి వెళ్ళిపోతుంది. ఈయనేమో పెట్టనంటే పెట్టనని మొండికేశాడు. కొడుకు కాళ్ళావేళ్ళా పడ్డాడు, అరిచాడు, అన్నం మానేశాడు. ఊహూఁ! చివరికి ఈ ఉదయం పెద్దాయనే కోడల్ని పిలిచి పందెం వేశాడు.

“నన్నీ ఆటలో ఓడించు, సంతకం పెడతాను. నేను గెలిస్తే మాత్రం ఆపరేషన్ మాట ఈ ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. సరేనా?”

సరేననక ఏం చేస్తుంది? ఇప్పుడు గడియారం మూడున్నర చూపిస్తోంది.

“రాయి,” అన్నాడు మామగారు.

ఆట పద్ధతి అది. ప్రతి వంతుకీ ఏ ఓడ ఎటు కదలాలో ఇద్దరూ చీటీల మీద రహస్యంగా రాసుకుని, ఒకేసారి తిప్పి చూపించాలి. రాశాక మార్చడానికి వీల్లేదు. మూడు దెబ్బలు తగిలి పెద్ద ఓడ జెండా దిగిందా, ఆట అయిపోయినట్టే.

కోడలు పెన్సిల్ పట్టుకుంది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఆమె భర్త ఉండబట్టలేక నోరు విప్పాడు.

“నాన్నా, అదింకా కొత్తగా నేర్చుకుంటోంది. కాస్త చూసి ఆడు.”

“నువ్వు నోరు ముయ్యరా!” పెద్దాయన కస్సుమన్నాడు. “మూడు నెలల్నించీ చూస్తున్నా. నాకు జబ్బన్న దగ్గర్నించీ నాతో ఆడినవాడల్లా ఓడిపోవడమే. మొన్న నువ్వు నీ పెద్ద ఓడని తీసుకొచ్చి నా ఫిరంగుల ముందు పెట్టావు. పసిపిల్లాడికి ముద్దలు తినిపిస్తున్నావా? ఓడిపోవడం కూడా శుభ్రంగా చేతకాదు నీకు.”

కొడుకు తల దించుకున్నాడు. కోడలు ఎవరి మాటా వినడం లేదు. బస్సు డిపోలో టైమ్‌టేబుళ్ళు వేసే ఉద్యోగం ఆమెది. ఏ బండి ఏ నిమిషానికి ఎక్కడుండాలో లెక్కకట్టడం చేతికి అలవాటైన పని. ఆ లెక్కతోనే రెండు ఓడల్ని గాలికి అడ్డంగా నడిపించుకుంటూ, చెరోవైపు నుంచీ మామగారి పెద్ద ఓడ మీదికి తెచ్చింది. రెండు వంతుల్లో దాని తెరచాప కొయ్యలు రెండు విరిగాయి.

“అబ్బో!” మామగారి కళ్ళు మెరిశాయి. “గట్టిదానివే తల్లీ.”

ఇంకొక్క దెబ్బ. ఒక్క దెబ్బ తగిలితే జెండా దిగుతుంది. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఒకటికి రెండుసార్లు లెక్క చూసుకుని, రాసి, చీటీ మూసింది.

“తిప్పు.”

ఇద్దరూ చీటీలు తిప్పారు. తన ఓడల్ని జరపబోయిన కోడలి చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. రెండూ ఒకే చోటికి, ఒకే వంతులో వస్తున్నాయి. డిపోలో ఒకే స్టాపుకి రెండు బస్సులు ఒకేసారి వేసినా ఫరవాలేదు, వెనకది కాసేపు ఆగుతుంది. ఓడ ఆగదు. రెండూ ఢీకొన్నాయి. తెరచాపలు చిక్కుపడ్డ ఓడలకి ఫిరంగులు పేల్చే హక్కు లేదు.

“మామయ్యా, ఇదొక్కటీ మళ్ళీ రాస్తాను. ఒక్కసారే!”

“కుదరదు.”

“మీ కాళ్ళు పట్టుకుంటాను మామయ్యా. మీకు తెలీదా, ఇది ఆట కాదు నాకు!”

“నాకు మాత్రం ఆటే.” ఆయన ఏ మాత్రం కనికరం లేకుండా తన ఓడల్ని వరుసగా తిప్పాడు. ఆమె పెద్ద ఓడకి దారి మూసుకుపోయింది. ఫిరంగి దెబ్బకొకటి చొప్పున పాచికలు మూడు వేశాడు. మూడూ తగిలాయి.

కోడలు తన ఓడ జెండాని తనే పీకి బల్ల మీద పెట్టింది. ఏడుపు ఆపుకుందామనుకుంది, ఆగలేదు. గుమ్మంలో భర్త మొహం గోడవైపు తిప్పుకున్నాడు. తండ్రి ప్రాణాన్ని భార్య చేతుల్లో పెట్టి చూస్తూ నిలబడ్డానని అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

మామగారు మాత్రం నవ్వుతున్నాడు. మూడు నెలలుగా ఆ ఇంట్లో వినబడని నవ్వది. ఆయాసపడుతూనే లేచి, బల్ల మీదుగా చెయ్యి చాచి కోడలి చెయ్యి ఊపాడు.

“ఇదీ ఆటంటే! ఎన్నాళ్ళయిందమ్మా నన్నెవరైనా ఇలా చెమటలు పట్టించి... నా పరుపు కింద ఆసుపత్రి కాగితం ఉంది, పట్రా.”

ఆమె కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి, మడిచిన కాగితాన్ని గుండెలకి హత్తుకుని తీసుకొచ్చింది.

“చింపకండి మామయ్యా. దండం పెడతాను, చింపకండి.”

“ముందు విప్పి చూడు.”

విప్పింది.

మామగారి సంతకం కింద నిన్నటి తేదీ ఉంది.