బొట్టు పెట్టి పిలిచిన పెళ్లి

“పదమూడో తారీఖు నేను రాను మధుకర్. ఎంత చెప్పినా రాను,” అంది సుష్మ.

టెంట్‌హౌస్ మధుకర్ టీ గ్లాసు కింద పెట్టేశాడు. “ఏం మాట్లాడుతున్నవ్ అక్కా? వేల్పూర్ పసుపు ఆసామి బిడ్డ పెండ్లి. మంటపం అంత పచ్చి పసుపు మొక్కలతోని కట్టుడు నీ ఐడియానే గద! నువ్వు లేకుంటే పార్టీ చేజారిపోతది.”

“పోనీ. గా రోజు నాకు పెండ్లి ఉంది.”

“మనకు దినాం పెండ్లే గద!”

“పనికి గాదు. నన్ను బొట్టు పెట్టి పిలిచిండ్రు.”

ఆమె ముఖం చూసి మధుకర్ నవ్వు మింగేశాడు.

మూడు రోజుల కిందటి మాట. ముప్కాల్‌లో పని ముగించుకుని సుష్మ మిట్టమధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి, తాళం వేసిన తలుపు మీద పసుపు, దాని మీద కుంకుమ. గొళ్లెంలో పెళ్లి కార్డు. ఇంట్లో మనుషులు లేకపోతే తలుపుకే బొట్టు పెట్టి పోతారు కదా, అలాగన్నమాట. సంజన, సాయికుమార్‌ల పెళ్లి. బోధన్ రోడ్డులో ఫంక్షన్ హాలు. పగలు పదకొండు నలభైకి లగ్నం. ఎవరిని పిలిచారో వాళ్ల పేరు రాయాల్సిన చోట మాత్రం ఏమీ రాయలేదు.

ఈ సంజన ఎవరో ఎంత ఆలోచించినా సుష్మకు తట్టలేదు. కార్డు మీద ఫోన్ నంబరు ఉంది. చేయలేదు. చేస్తే, “నీకు గాదమ్మా, పొరపాటున పెట్టినం” అంటారేమోనని భయం.

ఎందరి పెళ్లిళ్లకో మంటపాలు అలంకరించిన మనిషి. అన్నం మాత్రం వంట డేరా వెనక, అందరూ లేచాక, నిలబడి తినేది. ఊళ్లో పెళ్లికి కుక్కల హడావుడి అని తన మీద తనే జోకులేసుకునేది. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, వచ్చి కూర్చోమనలేదు. అది తనకెంత బాధో ఆ బొట్టు చూసేదాకా ఆమెకే తెలియదు. ఆ రోజు తలుపు ముందే కాసేపు నిలబడి ఏడ్చింది.

వేల్పూర్ పార్టీ నిజంగానే చేజారింది. మధుకర్ ఫోన్ ఎత్తడం మానేశాడు. సుష్మ మాత్రం పదమూడో తారీఖు పొద్దున ఆకుపచ్చ పట్టుచీర కట్టి, ఎప్పుడూ వెంట ఉండే కత్తెర, పిన్నుల డబ్బా ఇంట్లోనే వదిలేసి బస్సెక్కింది.

హాలు గుమ్మంలో ఒకామె పన్నీరు బుడ్డి పట్టుకుని నిలబడింది. యాభై ఏళ్లుంటాయి. పెళ్లికూతురి తల్లి సాయవ్వ ఆమే. సుష్మను ఎగాదిగా చూసింది.

“ఏ గల్లీ నుంచి వచ్చినవ్ చెల్లె?”

“వినాయక్ నగర్. తలుపుకు బొట్టు పెట్టిండ్రు...”

“వచ్చినవా తల్లీ!” సాయవ్వ ఒక్కసారిగా కావలించుకుంది. పన్నీరంతా సుష్మ వీపు మీద ఒలికిపోయింది. ఇద్దరూ పట్టించుకోలేదు.

లోపల కుర్చీలన్నీ ఖాళీ. తొందరపడి ముందే వచ్చానేమో అనుకుంది సుష్మ. స్టేజీ మీద బంతిపూల దండ ఒకటి ముడి ఊడి వేలాడుతోంది. అలవాటుగా లేవబోయి, మళ్లీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఈవాళ తను చుట్టం. దండ సంగతి కట్టినవాళ్లు చూసుకుంటారు.

బోధన్ నుంచి రెండు బస్సుల్లో మగపెళ్లివారు దిగారు. బ్యాండు మోగింది. సాయవ్వ పరుగున వచ్చి సుష్మను చెయ్యిపట్టి లేపింది. ఎదురుకోళ్లకు తన పక్కనే నిలబెట్టుకుని, పానకం గ్లాసుల పళ్లెం చేతికిచ్చింది.

పెళ్లికొడుకు తల్లి గ్లాసు అందుకుంటూ చుట్టూ చూసింది. “మీవోళ్లు ఎవలు కనవడరేంది వదినా?”

“గిదిగో, మా చెల్లె లేదా! ఎంత పనున్నా ఇడిసిపెట్టి నా బిడ్డ పెండ్లికి వచ్చింది.”

 సుష్మ ఆ మాటకు అవునని తల ఊపింది.

ఎడమవైపు కుర్చీలన్నీ మగపెళ్లివారితో నిండిపోయాయి. కుడివైపు ఇంకా ఎవరూ రాలేదు. లగ్నం దాటిపోతుందని అయ్యగారు తొందరపెట్టారు. జీలకర్ర, బెల్లం పెట్టే వేళకు అటునుంచి వంద చేతులు అక్షింతలు విసిరితే, ఇటునుంచి సుష్మ చెయ్యి ఒక్కటే లేచింది.

మొదటి బంతిలోనే ఆమెకు ఆకు వేశారు. సాయవ్వ మరెవరినీ దగ్గరికి రానీయకుండా తనే వడ్డించింది. “ఇంకింత బగార అన్నం తిను. గంత తక్కువ తింటరా?” అని కసిరింది. సుష్మ కూర్చుని, నెమ్మదిగా, కడుపునిండా తిన్నది. అట్లా కసిరేవాళ్లు లేక ఎన్నేళ్లయిందో.

చివరికి ఉండబట్టలేకపోయింది.

“అక్కా, అడుగుతున్ననని ఏమనుకోకు. నేను నీకెట్ల ఎరుక?”

సాయవ్వ చేతిలోని గరిటె ఆగిపోయింది. మగపెళ్లివారి వైపు ఒకసారి చూసి, పక్క కుర్చీలో కూర్చుని గొంతు తగ్గించింది.

“పిల్ల ఇష్టపడ్డోన్ని చేసుకుంటున్నదని మావోళ్లు ఒక్కలు రామన్నరు. పిల్ల దిక్కు మనిషే లేకుంటే ఎట్ల? మనుషులున్న ఇండ్లకు పోతే నువ్వెవలని అడుగుతరు. అందుకే తాళాలేసిన ఇండ్లు సూసి బొట్టు పెట్టుకుంట పోయిన చెల్లె. నలభై తాళాలు. వచ్చింది నువ్వొక్కదానివే.”