ఆవు మందు

"మోసం! పచ్చి మోసం!" చెంగల్రాయుడు చేతిలోని ప్లాస్టిక్ క్యానును పశువుల డాక్టరు కాళ్ల ముందు దబ్బున పెట్టాడు. "నువ్వు చెప్పిన కాల్షియం మందే కదా సార్ ఇది? పలమనేరు అంగట్లో నేనే పోయి తెచ్చినా. ఆవు ఈనిన కాడ నించీ తాపతానే ఉండాము. సూడు, ఎట్ట పడిపోయిందో!"

కొట్టంలో జెర్సీ ఆవు మెడ పక్కకు వాల్చి పడి ఉంది. చెవులు చల్లబడిపోయాయి. చుట్టుపక్కల అన్ని పాలిచ్చే ఆవు ఇంకొకటి లేదని చెంగల్రాయుడికి గొప్ప. పొద్దున లేవబోయి అది కూలబడిపోతే, కొడుకు అమర్‌నాథ్ మోపెడ్ మీద పరుగున పోయి డాక్టర్ రాజారత్నాన్ని ఎక్కించుకొచ్చాడు.

రాజారత్నం ఆవు మెడ నరానికి సూది ఎక్కించి, సీసా పైకెత్తి పట్టుకోమని అమర్‌నాథ్‌కు ఇచ్చాడు. మందు మెల్లగా దిగుతుంటే ఆవు ఒళ్లు వణికింది. సీసా ఖాళీ అయ్యే వేళకు తల ఎత్తింది. ఇంకాసేపటికి వెనక కాళ్లు కూడదీసుకుని, తూలి, నిలబడింది.

"గండం గడిచింది," అన్నాడు డాక్టరు చేతులు కడుక్కుంటూ. "ఒంట్లో కాల్షియం తగ్గిపోయి పడింది రాయుడూ. ఆ మందు సరిగ్గా తాగుంటే ఇంతదూరం వచ్చేది కాదు. తాపింది ఎవురు?"

"మా కోడలు. ఏమ్మే ప్రసన్నా! ఇట్ట రా!"

ప్రసన్నకుమారి పసిబిడ్డను భుజాన వేసుకుని వచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉంది.

"దినామూ తవుట్లో కలిపి పెట్టినా మామా."

"ఏంది గొణగతా ఉండావు? సారుకు ఇనపడొద్దా?" వెనకే వచ్చిన అత్త ఆదిలక్ష్మమ్మ కసిరింది. "ఆ కొంగు తీసి చెప్పు!"

ప్రసన్న కొంగు దించింది. పై వరసలో ముందు పన్ను లేదు. చిగుళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. రాజారత్నం ఆవు సంగతి మరిచిపోయాడు.

"ఏమైంది తల్లీ?"

"కదిలి ఊడిపాయ సార్. పక్కది కూడా కదలతా ఉండాది. పండ్లు తోముకుంటే నెత్తురు."

"ఎవురికీ చూపించలేదా?"

"చిత్తూరులో పండ్ల డాక్టరమ్మకు చూపిస్తిమి," అంది ఆదిలక్ష్మమ్మ. "నీళ్లోసుకున్నప్పుడే చిగుళ్లు చెడినాయంట. మళ్లీ వస్తే శుభ్రం చేస్తానన్నాది. పాలు, గుడ్లు, ఆకుకూర బాగా పెట్టమన్నాది. ఒంట్లో బలమే లేదు, బిళ్లలు కూడా మింగాల అన్నాది."

"మరి?"

"బిళ్లలేంది సార్?" చెంగల్రాయుడు అడ్డం వచ్చాడు. "మా అమ్మ ఇంటినిండా కన్నది. ఏ బిళ్లలు మింగింది? ఈమెకేం తక్కువ? పూటపూటకీ సంగటి తింటానే ఉండాది కదా!"

"పాలు?"

"పాలు కేంద్రానికి పోస్తాము."

"అన్నీనా?"

"అన్నీ. సార్, నువ్వొచ్చింది ఆవును సూసేదానికి. దాని సంగతి చెప్పు. ఆ అంగడోన్ని ఈ పొద్దు బజారుకు ఈడస్తా నేను."

రాజారత్నం ముఖం ఎర్రబడింది. వంగి, క్యాను మూత తీసి, అరచేతిలోకి కొంచెం వంచుకున్నాడు. వాసన చూశాడు.

"అంగడోన్ని తర్వాత ఈడుద్దువు. ఇది మందు కాదు. బియ్యం కడిగిన నీళ్లు."

చెంగల్రాయుడు క్యాను లాక్కుని తానూ వాసన చూశాడు. "తెచ్చిన పొద్దు నేనే మూత తీసి సూసినానే! చిక్కగా, తియ్యటి వాసన కొడతా ఉండె." చూపు కోడలి మీదికి తిరిగింది. "అట్టయితే మార్చింది ఇంట్లోనే."

"నాకు తెలీదు మామా. క్యానులో ఏముంటే అదే పోసినా."

"మీ పుట్టింట్లో గూడా ఆవులుండాయి కదా? మీ అన్న వచ్చి పోయినాడు కదా మొన్న? వాని చేతికి పోసిచ్చినావు! నీ ఇల్లు ముంచి వాళ్ల కొట్టం నింపతా ఉండావా?"

"బిడ్డ మీద ఒట్టు మామా, నేను ఇయ్యలేదు." బిడ్డ ఉలిక్కిపడి ఏడుపు అందుకున్నాడు.

"రాయుడూ, నిదానించు. పచ్చి బాలింత," అన్నాడు డాక్టరు.

"నువ్వు ఉండు సార్! నోరు లేని జీవం. దాని నోటికాడిది దొంగిలించేదానికి చేతులెట్ట వచ్చినాయి? చచ్చిపోయుంటే ఆ పాపం ఎవురిది?" చెంగల్రాయుడు కొడుకు వైపు తిరిగాడు. "అమరా! బండి తియ్యి. ఈమెను పుంగనూరులో వాళ్లింటికాడ దించేసి రా. ఇట్లాంటిది నా గడపలో ఉండేదానికి లేదు."

అమర్‌నాథ్ నాయన ముఖం చూశాడు. భార్య ముఖం మాత్రం చూడలేదు. ఖాళీ సీసాను గోడ మీద పెట్టి మోపెడ్ దగ్గరికి నడిచాడు.

వాడు తాళంచెవి పెట్టబోతుంటే ఆదిలక్ష్మమ్మ దాన్ని చేతిలోంచి లాక్కుంది. అరుపులకు దడి అవతల గుమిగూడిన ఊరివాళ్లందరూ వినేటట్టు మొగుడికి ఎదురుగా నిలబడింది.

"నా కోడలు యాడికీ పోదు. ఆ క్యానులోది తీసి, దినామూ రాగిజావలో కలిపి, తెలీకుండా ప్రసన్నకు తాపింది నేను. ఈ ఇంట్లో పాలిచ్చేది ఆవొక్కటే అనుకున్నావా?"