ఇంటాయన మాట

"ఇల్లు కాదమ్మా, ఒక గది చాలు. వెనకాల కొట్టమైనా పరవాలేదు."

తలుపు దగ్గర నిలబడ్డ కుర్రవాడి చంకలో లావుపాటి పుస్తకాలు నాలుగున్నాయి. ముఖం ఎండకు కమిలిపోయింది. పేరు బంగారు అన్నాడు. కాలేజీలో కొత్తగా చేరాడట. పొద్దుటినుంచి ఈ పీళమేడు పేటంతా తిరుగుతున్నాడట.

లక్ష్మమ్మాళ్‌కు గది సంగతికన్నా ముందు ఆ మాట నచ్చింది. వీధంతా అరవం మోగే చోట తెలుగు వినబడితే ఆమెకు పుట్టింటివాళ్ళు వచ్చినట్టే ఉంటుంది.

"మన మాటే మాట్లాడ్తావే తంబీ! కాలేజీలో హాస్టలు లేదా?"

ముందుగదిలో, కిటికీ పక్కన వాలుకుర్చీలో ఆమె మొగుడు దొరసామి ఇదంతా వింటూ పేపరు మడిచాడు. ఆయన మిల్లులో మేస్త్రి. పొద్దుటి షిఫ్టు ముగించి, అప్పుడే స్నానం చేసి కూర్చున్నాడు. వెనకగది ఖాళీగా ఉందని వీధిలో నలుగురికీ చెప్పింది ఆయనే. బయటికి వెళ్ళి మాట్లాడదామని లేచి చొక్కా అందుకున్నాడు.

"హాస్టలు ఉండాదమ్మా. నాకు చోటు కూడా ఇచ్చినారు. మా అవ్వనెక్కడ పెట్టేది? ఆమెకు చూపు లేదు. నేను తప్ప ఎవురూ లేరు. అదో, మిల్లు గోడ నీడన కూచోబెట్టినా."

కుర్రవాడు పుస్తకాలు ఇంకో చంకలోకి మార్చుకున్నాడు.

"ఇంకొకటి ముందే చెప్పేస్తానమ్మా. మాది తేని టౌను పక్కన, ఊరి బయట చేరి, అంటరానోళ్ళ వాడ. మా నాయన సుడలై, చెప్పులు కుట్టి చదివించినాడు. ఆయన పోయి రెండేండ్లాయె. తర్వాత తెలిసి మీరు గెంటేస్తే, అవ్వను పట్టుకుని మళ్ళీ తిరగలేను."

దొరసామి చేయి చొక్కాలోనే ఆగిపోయింది.

వంగి, కిటికీ సందులోంచి చూశాడు. ఎదురుగా మిల్లు గోడ కింద ఒక ముసలామె కూర్చుని ఉంది. ఒళ్ళో మూట. మోకాళ్ళకు ఆనించిన కర్ర. ఎక్కడో చప్పుడైతే అటువైపు ముఖం తిప్పుతోంది.

ఆయన మెల్లగా, చప్పుడు కాకుండా కుర్చీలో కూలబడ్డాడు.

లక్ష్మమ్మాళ్ లోపలికి వచ్చింది. ఆమె ముఖంలో తటపటాయింపు ఉంది. కాని జాలే ఎక్కువ.

"విన్నారా? దాచకుండా చెప్పినాడు పాపం. వెనకపక్క వాకిలి వేరే గదా. ఇచ్చేద్దామా?"

దొరసామి తల అడ్డంగా ఊపాడు.

"మా అన్నలకు భయపడ్తారా? వాళ్ళు మేట్టుపాళయంలో ఉండారు. ఎవురు పోయి చెప్తారు?"

ఆయన మళ్ళీ తల ఊపాడు.

భయమే. కూతురు సౌందరానికి సంబంధం కుదిరింది. వచ్చే వారమే తాంబూలాలు. లక్ష్మమ్మాళ్ అన్నలు ముగ్గురూ తోటలూ బావులూ ఉన్నవాళ్ళు. కులం దగ్గర ఒక్క మెట్టు దిగరు. ఈ సంగతి వాళ్ళ చెవిన పడితే పెళ్ళి ఆగిపోతుంది. పెళ్ళితోనే ఆగుతుందా? తనను ప్రాణాలతో ఉండనిస్తారా?

"తల ఊపితే ఎట్లా? నోరు తెరిచి చెప్పండి. మిల్లులో ఆ కులమోళ్ళ పక్కన కూచునే గదా టీ తాగ్తారు!"

ఆయన పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. లక్ష్మమ్మాళ్‌కు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ కాపురంలో ఈయనది ఇంత రాతిగుండె అని ఎప్పుడూ అనుకోలేదు.

"బంగారూ, దాహంగా ఉండాదిరా." వీధిలోంచి వినిపించింది.

లక్ష్మమ్మాళ్ చెంబుతో నీళ్ళు తీసుకుని గబగబా బయటికి వెళ్ళింది. "ఇట్లా నీడకు పిల్చుకుని రా తంబీ" అంది.

కర్ర చప్పుడు వీధి దాటింది. మెట్లెక్కింది. ముసలామె గోడ తడుముకుంటూ తిన్నె మీదికి వచ్చి, సరిగ్గా కిటికీ కిందనే కూర్చుంది. మధ్యన ఉన్నది ఒక్క చెక్క రెక్క.

దొరసామికి లోపలిగదిలోకి పారిపోవాలని ఉంది. కాని లేస్తే కుర్చీ కిర్రుమంటుంది. ఊపిరి బిగబట్టాడు. చెమట మెడ మీదినుంచి వీపు మీదికి జారుతోంది. గుటక మింగితే ఆ చప్పుడు కూడా బయటికి పోతుందేమోనని గుటక ఆపుకున్నాడు.

ముసలామె నీళ్ళన్నీ తాగింది. "సల్లగా ఉండు తల్లీ. నా పేరు ఇరుళాయి. వీడు బుద్ధిమంతుడు, నేను వాకిలి దాటను" అంది. తర్వాత మెల్లగా కిటికీ వైపు తిరిగింది.

"ఇంటాయన ఇక్కడే ఉండారే. ఊపిరి వినిపిస్తాండాది. సామీ! ఒక్క మాట చెప్పండి సామీ. ఉండమంటే ఉంటాం, పొమ్మంటే పోతాం. మీ నోటితో చెప్తే సాలు."

దొరసామి భుజం మీది తువ్వాలు తీసి నోట్లో కుక్కుకున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

ముసలామె చెవి ఒగ్గి చాలాసేపు కాచుకుంది. బంగారు కిటికీ వైపు ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు.

చివరికి లక్ష్మమ్మాళే నేల చూస్తూ అంది. "ఆయనకు ఒంట్లో బాగలేదవ్వా. గది... ఇప్పుడు కుదరదు."

"సరి తల్లీ. నీళ్ళిచ్చినావు."

బంగారు ఒక చంకన పుస్తకాలు, ఇంకో చంకన మూట ఇరికించుకుని, అవ్వ చేయి పట్టి మెట్లు దించాడు. లక్ష్మమ్మాళ్ విసురుగా లోపలికి వచ్చి, మొగుడి వైపు చూడకుండానే వంటింట్లోకి పోయింది.

కర్ర చప్పుడు వీధి మలుపు దాటి పూర్తిగా వినబడకుండా పోయాకగాని దొరసామి నోట్లోంచి తువ్వాలు తీయలేదు. పేరూ కులమూ మార్చుకుని ఇరవై ఆరేళ్ళు గడిచినా, ఒక్క మాట పెగిలితే చాలు, ఇరుళాయి తన పెద్దకొడుకు గొంతు పోల్చుకునేది.