మోరా ఒప్పుకోలు

"వేలంవాళ్ళ కుక్కా! నా గేటు దాటుతావా?"

ఒంగేరి దగ్గర దుడ్డు లేదు గానీ దుడ్డుకర్ర ఉంది. రెండో దెబ్బకే సూటువాడి పెదవి చిట్లింది. పక్కింటివాణ్ణి కదా అని నేను అడ్డుపడితే మూడోది నా మోచేతికి తగిలింది.

"వేలం కాదు మహాప్రభో!" సూటువాడు నెత్తురు ఉమ్మాడు. "లాయరు ముసిమిని. మీ ఇంటప్పు తక్కువ వడ్డీకి మార్చమని మీరడిగిన కొత్త బ్యాంకే పంపింది!"

రుణం తేలికచేయ వచ్చినవాడితో రణం! ఒంగేరి కర్ర దించాడు.

"క్షమించు సారూ. ఈ నకూరు ఊళ్ళో సూటేసుకొచ్చేవాడు ఇల్లు లాక్కోడానికే వస్తాడు. సంతకం ఎక్కడ పెట్టాలి?"

"మీది కాదు, మీ ఆవిడది. భార్య ఒప్పుకోకపోతే మన చట్టంలో ఇంటి తనఖా చెల్లదు. ఆమెతో విడిగా మాట్లాడాలి."

"నా ఎదుటే అడుగు!"

ముసిమి గుమ్మంలో నిలబడ్డ ఒంగేరి భార్య మోరా వైపు తిరిగాడు. "అమ్మా, ఎవరి బలవంతమూ లేకుండానే ఒప్పుకుంటున్నారా?"

మోరా కర్ర వైపు చూసింది. తన ఎడమ మణికట్టుకున్న పాత కట్టు సవరించుకుంది.

"ముందు ఆ కర్ర బయట పారేయమనండి. ఇంటి పట్టాలో నా పేరూ ఎక్కించమనండి."

"లేకపోతే?" అని గర్జించాడు ఒంగేరి.

"లేకపోతే అసలు వేలంవాళ్ళే వస్తారు. వాళ్ళను కొట్టుకో."

ఒంగేరి గేటు దాకా నడిచి కర్ర బయటికి విసిరాడు.

ముసిమి పెన్ను చాచాడు. మోరా అందుకోలేదు.

"ముందు పట్టా తీసుకురా," అంది మొగుడితో.