రోహిణి కార్తెలో నీళ్ళు

“ఏటండీ, అలాగ కొయ్యబారిపోనారు? దిగండి వాగులోకి,” అంది అప్పయమ్మ.

ఆమె మొగుడు పైడిరాజు దిగలేదు. రోహిణి కార్తె ఎండకి మోప్కా ఊరి శివార్లలో కాకులు కూడా నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాయి. అలాంటిది, ఏళ్ళ తరబడి ఎండి పడున్న వాగులో నీళ్ళు! అడుగునుంచి ఊరుతుంటే ఇసుక ఉడికే గంజిలా పొంగుతోంది. ఆ నీళ్ళు రాళ్ళ మధ్య దారి చేసుకుని, అర్పా నది వైపు గలగలా పోతున్నాయి.

ఇన్నేళ్ళూ అప్పయమ్మ రైల్వే క్వార్టర్ల ఆడవాళ్ళనీ, మోప్కా ఆడవాళ్ళనీ పోగేసి, వాననీరు ఇంకేలా ఎగువ దిబ్బల మీద కందకాలు తవ్వించింది. వాగుకి అడ్డంగా రాళ్ళ కట్టలు పేర్పించింది. ఆదివారమొస్తే బావుల్లోకి తాడు వదిలి నీటిమట్టం కొలిపించింది. ఈ ఎండాకాలం కూడా చుక్క కనపడకపోతే ఇక పలుగు పట్టేది లేదని అందరూ తేల్చి చెప్పేశారు.

ఇప్పుడు ఆ ఆడవాళ్ళే నీళ్ళలో పసుపూ కుంకుమా వదులుతున్నారు. వాళ్ళల్లో లక్ష్మీనరసమ్మయితే మోకాళ్ళ మీద కూలబడి దణ్ణం పెట్టేసింది.

“గంగమ్మ తల్లి వచ్చీసిందండీ,” అంది అప్పయమ్మ. ఆవిడ కళ్ళల్లోనూ నీళ్ళు.

“అచ్ఛా,” అన్నాడు పైడిరాజు.

పైడిరాజు రైల్వే నీటి సరఫరాలో చేసి చేసి రిటైరైన మనిషి. భూమిలోంచి నీరొస్తే అతనికి ముందుగా తట్టేది లీకే. రైల్వే కాలనీకి నీళ్ళు తీసుకెళ్ళే పైపు ఈ వాగు పక్కనుంచే పోతుంది, ఆ సంగతి అతనికి కాక ఇంకెవరికి తెలుస్తుంది? పైపు పగిలుంటుంది. రేపో మాపో ఎవరో వచ్చి బాగుచేస్తారు. ఊట ఆగిపోతుంది. ఊరంతా అప్పయమ్మని చూసి నవ్వుతుంది, మళ్ళీ ఏ ఆడమనిషీ ఆమె వెనక రాదు.

చెప్పేద్దామని నోరు తెరిచాడు. అంతలో ఆవిడ దోసెడు నీళ్ళు తెచ్చి అతని నెత్తిన చల్లింది. పెళ్ళిపీటల మీద కూడా ఆ మొహం ఇంతలా వెలగలేదు. పాపం, చెప్పలేకపోయాడు.

పక్కకెళ్ళి పంపుహౌస్‌లో డ్యూటీలో ఉన్న గిరిబాబుకి ఫోన్ చేశాడు. వాడు తన దగ్గర పని నేర్చుకున్నవాడే.

“ఒరే గిరీ, మోప్కా లైను పగిలినట్టుందిరా. అప్పుడే వాల్వు కట్టీకు. రెండ్రోజులుండనీ. మీ పిన్ని సంబరం తీరాక నేనే మెల్లగా చెప్పుకుంటాను.”

“ఏ లైను బాబాయ్? వాగు పక్కదేనా?”

“ఆఁ, అదే.”

అవతల గిరిబాబు రిజిస్టరు తిరగేస్తున్న చప్పుడు.

“కాలనీకి కొత్త లైన్లోంచి వదుల్తున్నాం కదా. అది బందయి నెల దాటింది బాబాయ్.”